పనోరమా మందిరమునుండి ఇంటి కంప్యూటరు వరకు

ఉన్నచోటనే కూర్చుండి దూరదేశమును చూడవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. తెలంగాణమున చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన పటమును కథకుడు జనుల యెదుట వ్రేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ వరుసను విప్పుచు కులపురాణమును చెప్పుట తరతరముల ఆచారము. పదుల అడుగుల పొడవు గల ఆ గుడ్డమీద బొమ్మలు కదలవు; పటము కదలును, కథకుని గొంతు కదలును, చూచువాని ఊహ కదలును. తోలుబొమ్మలాటలో బొమ్మయే తెరమీద నడచును. జాతరకు వచ్చిన బయాస్కోపు పెట్టెకు కన్ను ఆనించిన పిల్లవానికి కాశీయు, ఢిల్లీయు ఒకదాని వెంట నొకటి కనబడెడివి.

ఈ వేడుకలన్నింటి వెనుక రెండు వేర్వేరు కోరికలున్నవి. కదలికను కదలికగా చూడవలెననునది యొకటి. ఒక చోట నిలిచి నలుదెసలకును తల త్రిప్పి, అచ్చట నిజముగా నున్నట్లే చూడవలెననునది రెండవది. మొదటి కోరికనుండి సినిమా పుట్టినది. రెండవ దానినుండి పనోరమా, అనగా చుట్టుచూపు చిత్రము, పుట్టినది. నేడు మన యింటి బల్లమీది కంప్యూటరులో ఈ రెండును ఒకే తెరమీద, ఒకే వ్రేలి కదలికతో లభించుచున్నవి. ఈ రెండు పాయలు ఎచ్చట పుట్టి ఎట్లు కలిసెనో, కలిసిన పిమ్మట ఏమి నిలిచి ఏమి పోయెనో విచారించుటయే ఇచ్చట మా యుద్దేశము.

రెండు పాయలలోను పెద్దది పనోరమా. ఐర్లండులో జన్మించి ఎడింబరో నగరమున చిత్రలేఖనముతో జీవించుచుండిన రాబర్టు బార్కరు 1787వ సంవత్సరము జూన్ 19వ తేదీన ఒక పేటెంటును పొందెను. చదరపు చట్రములో బొమ్మ వ్రాయుటకు మారుగా, గుండ్రని భవనపు లోపలి గోడ పొడవునను తెగని వలయముగా చిత్రమును వ్రాయవలెననియు, ప్రేక్షకుడు నడుమ నున్న వేదికమీద నిలిచి చుట్టును చూడవలెననియు అతని యూహ. విశేషమేమనగా, ఆ పేటెంటు చిత్రమును గూర్చి ఎంత చెప్పెనో భవనమును గూర్చియు అంతే చెప్పెను. వెలుతురు పైనుండియే రావలెను. ప్రేక్షకుడు క్రిందినుండి వేదికమీదికి ఎక్కవలెను. పటము మీది అంచుగాని క్రింది అంచుగాని కంటికి కనబడరాదు. అంచు కనబడినచో అది బొమ్మ యని తెలిసిపోవును. అంచు కనబడనిచో అదియే లోకమని కన్ను నమ్మును. ఇటీవలి కాలమున చిత్రవిద్యకు యంత్రవిద్య జోడించినవా రందరును ఈ యొక్క సూత్రము చుట్టునే తిరుగుచున్నారు.

ఎడింబరోలోని కాల్టను గుట్టమీదినుండి కనబడు నగరదృశ్యమును బార్కరు మొదట చిత్రించెను. గ్రీకు భాషలో సర్వము, దృశ్యము అను అర్థములు గల రెండు మాటలు కలిపి పనోరమా అను పేరు ఆ కాలముననే కల్పింపబడినది. 1793లో లండను లీస్టరు స్క్వేరునందు ఇందుకొరకే కట్టిన గుండ్రని మందిరము తెరువబడి, 1863 వరకు, అనగా డెబ్బది సంవత్సరములు, నడచినది. ఆ స్థలమున వెలసిన చర్చి నేటికిని ఆ వలయాకారమునే నిలుపుకొని యున్నది. చీకటి నడవలో నడచి, మెట్లెక్కి, తటాలున వెలుతురులోనికి వచ్చిన ప్రేక్షకునకు చుట్టును నగరమో, సముద్రమో, యుద్ధరంగమో సాక్షాత్కరించెడిది. రుసుము చెల్లించినవానికి ఏది యెచ్చట నున్నదో వివరించు చిన్న పుస్తకమును అచ్చట లభించెడిది.

దక్షిణదేశపు కథ యొకటి ఈ విద్యతో అప్పుడే ముడిపడినది. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కోట పడి టిప్పు సుల్తాను మరణించెను. ఆ ముట్టడిలో ఆంగ్లేయులతో పాటు హైదరాబాదు నిజాము సైన్యమును పాల్గొన్నది. మరుసటి సంవత్సరము, 1800లోనే, రాబర్టు కెర్ పోర్టరు అను ఇరువదిమూడేండ్ల చిత్రకారుడు ఆ ముట్టడిని నూరడుగులకు మించిన పొడవు గల పటముమీద చిత్రించి లండనులో ప్రదర్శించెను. అతడు భారతదేశమును చూచినవాడు కాడు. వార్తలను బట్టియు, విన్న మాటలను బట్టియు చిత్రించిన దృశ్యమును చూచి లండను పౌరులు తామే కోట గోడ లెక్కినట్లు పులకించిరి. ఆ పటము నేడు లేదు; దానినిబట్టి అచ్చువేసిన చిత్రములు మాత్రము మిగిలినవి. ఈ యుదంతమునందు మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. చుట్టుచూపు చిత్రము అన్ని దిక్కులను చూపును గాని, అన్ని పక్షములను చూపదు. వేదిక ఎచ్చట వేయవలెనో నిర్ణయించినవాడే సగము కథను చెప్పినవాడు. పోర్టరు వేదిక గోడ వెలుపలనే గాని లోపల లేదు.

పందొమ్మిదవ శతాబ్ది తుదివరకును ఈ మందిరములు ఐరోపా నగరములలో కట్టబడుచునే యుండెను. 1881లో హేగ్ నగరమున మెస్డాగ్ అను చిత్రకారుడు ష్కెవెనింగెన్ సముద్రతీరమును 14 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల చుట్టుకొలత గల పటముగా చిత్రించెను. అది నేటికిని అచ్చటనే చూడదగియున్నది. ఈలోగా ఛాయాచిత్రము ప్రవేశించెను. కెమెరా కన్ను ఇరుకైనది. కావున ప్రక్కప్రక్కల తీసిన చిత్రములను అతుకు పద్ధతి ఏర్పడినది. మదరాసు ప్రభుత్వము తరఫున పనిచేసిన లినేయస్ ట్రైపు 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానమున చెక్కిన శాసనమును 21 ఛాయాచిత్రములుగా తీసి, వానిని వరుసగా అతికి ఒక్క పొడవైన పట్టీగా సిద్ధపరచెను. గుడి చుట్టును నడచినగాని చదువరాని శాసనము ఒక గదిలో చదువదగిన దాయెను. పటము అలంకారమునకే గాక విద్యకును ఉపకరించునని ఆనాడే రుజువైనది.

కదలిక కథ అందరు ఎరిగినదే గనుక క్లుప్తముగా చెప్పుదము. 1895 డిశెంబరు 28వ తేదీన ప్యారిసులో లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని చలనచిత్రములను ప్రదర్శించిరి. 1896 జూలై 7వ తేదీన ఆ చిత్రములే బొంబాయి వాట్సన్ హోటలులో కనబడినవి. ఆ తొలి చిత్రములు ఒక్కొక్కటి నిమిషమునకు లోబడినవే. నేడు ఇంటింట చూచు చిన్న వీడియోలు క్రొత్త వింత యని కొందరు తలంతురు గాని, చలనచిత్రము పుట్టుకయే అట్టి తునకలతో జరిగినది.

రెండు పాయలను కలుపుటకు ఒక సాహసమును జరిగినది. 1900వ సంవత్సరపు ప్యారిసు ప్రదర్శనమునందు గ్రిమోయిన్ సాన్సన్ అను నతడు గుండ్రని భవనములో పది ప్రొజెక్టరులతో చుట్టును చలనచిత్రమును వేసి, ప్రేక్షకులను పెద్ద బెలూను బుట్టవంటి వేదికపై నిలిపి, ఆకాశయానపు అనుభవమును కలిగింప సంకల్పించెను. ప్రొజెక్టరుల దీపముల వేడి భరింపరానిదై ప్రమాదకారిగా కనబడుటచే ఆ ప్రదర్శనము సాగలేదు. కోరిక సరియైనదే, దానిని మోయగల యంత్రము ఇంకను పుట్టలేదు.

ఆ యంత్రము చిత్రమును అంకెలుగా మార్చు కంప్యూటరు. 1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రసెల్ కిర్షు తన పసిబిడ్డ ఛాయాచిత్రమును నిలువునకు 176, అడ్డమునకు 176 చుక్కలుగా విభజించి కంప్యూటరులోనికి ఎక్కించెను. బొమ్మ అంకెలుగా మారినచో దానిని కూడవచ్చును, తీసివేయవచ్చును, వంచవచ్చును, సాగదీయవచ్చును. కాని అంకెల రాశి మితిమీరినది. లెక్క వేసి చూతము. అడ్డము 640, నిలువు 480 చుక్కలు గల చిత్రమున 3,07,200 చుక్కలుండును. చుక్కకు మూడు రంగులకు మూడు బైట్ల చొప్పున ఒక్క చిత్రమునకు 9,21,600 బైట్లు. సెకనుకు 30 చిత్రములు కదలవలెనన్న 2,76,48,000 బైట్లు. 1980ల నడుమ వచ్చిన సీడీ రోమ్ పళ్లెము పట్టునది సుమారు 650 మెగాబైట్లు; అనగా ఈ లెక్కన పళ్లెమంతయు 24 సెకన్ల చిత్రమునకు చాలును. ఆ తొలి పళ్లెములను చదువు యంత్రము సెకనుకు 150 కిలోబైట్లు మాత్రమే అందించెడిది. ఒక్క సెకను చిత్రమును చదువుటకు మూడు నిమిషములు పట్టునన్నమాట. ఇట్టి యంత్రముమీద సినిమా నడచుట కల్ల.

ఈ చిక్కు విడుటకు మూలమైన గణితమునందు మన దక్షిణాదివారి హస్తము కలదని పాఠకులలో చాలమంది యెరుగరు. బెంగుళూరున జన్మించి అమెరికాలో కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన నసీర్ అహమ్మదు చిత్రములను కుదించుటకు కొసైన్ తరంగములను వాడవచ్చునని తలపోసి, 1972లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థను ధనసహాయము కోరెను. ఆ సహాయము లభింపలేదు. అయినను అతడు మానక తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావు గార్లతో కలిసి పనిని సాగించెను. ముగ్గురి పేర్లతో ఆ పత్రము 1974 జనవరిలో ప్రకటింపబడినది. ఇందలి కె. ఆర్. రావు గారు కామిశెట్టి రామమోహనరావు. మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1952లో పట్టము పొంది, పిదప టెక్సాసులోని ఆర్లింగ్టను నగరమున దీర్ఘకాలము బోధించి, 2021లో కన్నుమూసిరి. ఆ పేరు తెలుగు చెవికి పరాయిది కాదు.

వారి పద్ధతి యేమి? చిత్రమును చిన్న చిన్న గళ్లుగా, ప్రక్కకు ఎనిమిది, నిలువునకు ఎనిమిది చుక్కల వంతున, విభజించుదురు. ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను కొన్ని అలల కలయికగా వ్రాయుదురు. ఆకాశము, గోడ, చీర అంచు వంటి వానిలో వెలుగు మెల్లగా మారును. దానిని చెప్పుటకు పెద్ద అలలు కొన్ని చాలును. అతి సూక్ష్మమైన చిరుఅలలను మన కన్ను పట్టించుకొనదు. వానిని చాలవరకు విడిచిపెట్టవచ్చును. బియ్యము చెరిగి ఊక నెగురగొట్టినట్లు ఇది గింజను నిలిపి పొట్టును పోగొట్టు విద్య. కదలు చిత్రమునకు మరియొక సదుపాయము కలదు: ఒక క్షణమునకును మరుక్షణమునకును గోడ మారదు, మనిషి మాత్రమే కదలును. కావున మారినదానిని మాత్రమే వ్రాసిన చాలును. నిశ్చలచిత్రములకు 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణమును, కదలుచిత్రములకు 1993లో వెలువడిన ఎంపెగ్ ప్రమాణమును ఈ పునాదిమీదనే నిలిచినవి. ఆ పిమ్మట వచ్చిన వీడియో ప్రమాణములలో పెక్కింటికి ఇదియో, దీని సంతతియో ఆధారము.

1991 డిశెంబరు 2వ తేదీన ఆపిల్ కంపెనీ క్విక్ టైమ్ అను ప్రోగ్రామును విడుదల చేసెను. దానికై ప్రత్యేకమైన పరికరమును కొని పెట్టెలో బిగింపనక్కరలేక, ఇంటిలో నున్న కంప్యూటరే వీడియోను చూపునట్లు చేయుట దాని ఘనత. తొలి చిత్రములు అడ్డము 160, నిలువు 120 చుక్కలవి. పైని లెక్కలోని చిత్రమున పదునారవ వంతు. సెకనుకు పది, పండ్రెండు చిత్రములు మాత్రమే కదలెడివి. తపాలా బిళ్ల యంత బొమ్మ యని చూచినవారు నవ్విరి. ఆ బిళ్లలో మనుష్యుడు నోరు కదపి మాటలాడుట, ఆ మాటను కావలసిన చోట ఆపి వెనుకకు త్రిప్పుట, వ్యాసములో ఒక వాక్యమును అతికినట్లు దానిని పత్రమున అతుకుట అంతకుముందు సామాన్యుని చేతిలో లేని పనులు. మరుసటి సంవత్సరము మైక్రోసాఫ్టు వారును తమ విండోసు వ్యవస్థకు ఇట్టి ఏర్పాటును తెచ్చిరి.

పాయలు రెండును కలిసినది ఆ తరువాతి మెట్టున. దానికొక పూర్వరంగము కలదు. 1978 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు అమెరికా రక్షణశాఖ ధనముతో ఆస్పెన్ అను కొండ ఊరిని చిత్రించిరి. కారు పైని నాలుగు కెమెరాలు నాలుగు దిక్కులకు నిలిపి, ప్రతి పది అడుగులకు ఒకమారు చిత్రమును తీయుచు వీథులన్నియు తిరిగిరి. ఆ చిత్రములను లేజరు పళ్లెములపై ఎక్కించి, తెరను వ్రేలితో తాకిన కుడివీథికో ఎడమవీథికో మరలునట్లు ఏర్పరచిరి. శరత్కాలపు వీథిని చూచుచు మీట త్రిప్పిన అదే వీథి మంచు కప్పుకొని కనబడెడిది. ఇది ప్రయోగశాలలోని ఐశ్వర్యము. ఇంటికి వచ్చునది కాదు.

ఇంటికి తెచ్చినవారు ఆపిల్ కంపెనీలోని ఎరిక్ చెన్ మొదలగువారు. వారి క్విక్ టైమ్ వీఆర్ అను పద్ధతి 1994లో ఒక సీడీ ప్రకటనమున ప్రవేశించి, 1995లో శాస్త్రపత్రముగా విద్వాంసుల యెదుటికి వచ్చెను. దాని నడక మిక్కిలి సులభము. ఛాయాచిత్రకారుడు ముక్కాలిపీటపై కెమెరాను నిలిపి, కొద్దికొద్దిగా త్రిప్పుచు చుట్టును పండ్రెండో అంతకు మించియో చిత్రములను తీయును. ప్రతి చిత్రము ప్రక్క చిత్రముపై కొంత ఒరిగియుండవలెను. కెమెరా తిరుగవలసినది దాని నడిబొడ్డున కాదు, కటకములో కిరణములు కలియు చోటున. ఈ నియమము ఎందుకో తెలియవలెనన్న ముక్కు ముందర వ్రేలు నిలిపి ఒక కన్ను మూసి ఒకటి తెరచి చూడవలెను: చూపు చోటు మారగానే వ్రేలు వెనుక గోడమీద జరిగినట్లు తోచును. కెమెరా చోటు జరిగినను అట్లే దగ్గరి స్తంభము ఒక చిత్రమున ఒక చోట, మరొక చిత్రమున వేరొక చోట పడి అతుకు పొసగదు.

అట్లు తీసిన చిత్రములను కంప్యూటరు కుట్టి స్తూపాకారపు పట్టీగా చేయును. పట్టీని పరచి చూచిన గోడలు విల్లువలె వంగి కనబడును. చూచువాడు మౌసు పట్టి ఎటు లాగిన అటు భాగమును మాత్రమే తీసికొని, ఆ వంపును అప్పటికప్పుడు సరిచేసి తెరమీద నిలుపుటయే ప్రోగ్రాము చేయు పని. బార్కరు మందిరమున ప్రేక్షకుడు తిరుగును, పటము నిలిచియుండును; ఇచ్చట ప్రేక్షకుడు నిలిచియుండును, పటము తిరుగును. తలుపుమీద నొక్కిన తరువాతి గదికి పోవచ్చును. ఒక శిల్పమును తిరుగుడుపీటపై నిలిపి చుట్టును తీసిన చిత్రములతో ఆ శిల్పమునే చేతితో త్రిప్పి చూచినట్లు చూడవచ్చును. చుట్టుచూపంతయు ఒక్క నిశ్చలచిత్రమే గనుక, కొద్ది నిమిషముల వీడియో ఆక్రమించు చోటున పెక్కు మందిరములు ఇముడును. పేదయంత్రమునకు తగిన పెద్ద విద్య యిది.

మన యిండ్లకు ఇవి వచ్చిన దారి కొంత వేరు. 1993లో ఏర్పడిన వీడియో సీడీ ప్రమాణము ఎంపెగ్ పద్ధతిపై నడచినది. ఒక పళ్లెమున 74 నిమిషముల చిత్రము పట్టెడిది. కావున తెలుగు సినిమాకు రెండు, మూడు పళ్లెములు అవసరమైనవి. పెండ్లి వీడియోలు, పౌరాణిక చిత్రములు, పిల్లల పాటలు పళ్లెములపై ఊరూర వ్యాపించినవి. కంప్యూటరు గల యింటివారు వానిని దానిలోనే వేసికొని చూచిరి. 1995 ఆగస్టు 15వ తేదీన భారతదేశమున విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్టును తెరచినది. ఆనాటి టెలిఫోను మోడెము సెకనుకు 28,800 బిట్లను తెచ్చినను ఒక మెగాబైటు వీడియోకు అయిదు నిమిషములకు దగ్గరగా పట్టెడిది. అర నిమిషపు బొమ్మకొరకు అంతకు పదింతలు కాలము వేచియుండిన తరమది. 2005లో యూట్యూబు వచ్చినది. అందలి మొదటి వీడియో నిడివి 19 సెకన్లు. 2007 మే 25వ తేదీన గూగుల్ సంస్థ అమెరికాలోని అయిదు నగరముల వీథులను చుట్టుచూపు చిత్రములుగా ప్రకటించినది. ఆస్పెన్ ప్రయోగమే లోకమంత విస్తరించినది. 2022 జూలైలో అది భారతదేశమున పది నగరములలో ఆరంభమైనప్పుడు అందు హైదరాబాదును ఒకటి.

ఇంతవరకు చెప్పినది వృద్ధి. ఇక క్షయమును చెప్పవలెను; మా వ్యాసమునకు అసలు ప్రయోజనము ఇచ్చటనే యున్నది. 2009లో వచ్చిన క్విక్ టైమ్ క్రొత్త రూపము వీఆర్ చిత్రములను తెరచుట మానుకొన్నది. 2016లో విండోసు కంప్యూటరులమీద క్విక్ టైమునకు పోషణ నిలిచినది. 2019లో వెలువడిన మాక్ వ్యవస్థ పాత క్విక్ టైమును నడపదు. చుట్టుచూపు చిత్రములకు మరియొక ఆశ్రయమైన ఫ్లాష్ 2020 డిశెంబరు 31వ తేదీతో ముగిసినది. పర్యవసానమేమి? 1990లలో ఎంతో శ్రమపడి వస్తుశాలలును, విద్యాసంస్థలును చేయించిన సీడీలు అలమారలలో మెరయుచునే యున్నవి; వానిని తెరచు సాధనము సామాన్యుని చేతిలో లేదు. 1881 నాటి గుడ్డపటమును హేగ్ నగరమున ఎవరైనను చూడవచ్చును. 1995 నాటి కంప్యూటరు పటమును చూచుటకు నిపుణుని ఆశ్రయింపవలెను.

మేము శబ్దముతో పనిచేయువారము. అయస్కాంతపు టేపుమీద మహనీయుల కంఠమున్నను, దానిని త్రిప్పు యంత్రము చెడినచో అది గోధుమరంగు పట్టీ మాత్రమేయని మావంటి ప్రసారకులకు ఒకరు చెప్పనక్కరలేదు. టేపు వేరు, యంత్రము వేరు. ఒకటి చెడుటకు పూర్వమే రెండవదానినుండి విడిపించి దాచుట ధ్వనిభాండారములవారి నిత్యకృత్యము. దృశ్యవిషయమునను ఇదే ధర్మము.

ఇది కేవలము వేడుకకు సంబంధించిన చింత కాదు. 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండ లోయలో త్రవ్వకములు సాగినవి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయల్పడినది. పిదప సాగరజలము ఆ లోయను కప్పినది. కొన్ని కట్టడములను ఇటుక ఇటుకగా పైకి తరలించి నిలిపిరి. ఛాయాచిత్రములు, కొలతలు, నివేదికలు మిగిలినవి. కాని ఆ లోయ నడుమ నిలిచి చుట్టును చూచు భాగ్యము ఇక ఎవరికిని లేదు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయినది. ఆ స్థానమున నూతన గోపురము లేచినది. పాత గోపురపు నీడలో నిలిచి తలయెత్తిన చూపు మాత్రము తిరిగి రాదు. అయిదువందల యేండ్లు నిలిచినది మరునాడును ఉండునని మన మందరము తలంచితిమి. ప్యారిసులోని నోత్ర్ దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15వ తేదీన దగ్ధమైనప్పుడు ఆండ్రూ టాలన్ అను ఆచార్యుడు అంతకుముందే, 2010లో, లేజరుతో కొలిచి, చుట్టుచూపు చిత్రములతో సహా దాచిన వివరము లోకమునకు జ్ఞప్తికి వచ్చెను. అతడు అగ్నిప్రమాదమునకు కొలది మాసములు ముందు మరణించెను. అతని కొలతలు బ్రదికియుండి పునర్నిర్మాతలకు అక్కరకు వచ్చినవి.

కావున చేయవలసినదేమి? ఏ గుడిని, ఏ కోటను, ఏ పాత వీథిని చుట్టుచూపుగా చిత్రించినను, కుట్టిన పటముతో పాటు కుట్టకమునుపటి విడి ఛాయాచిత్రములను భద్రపరుపవలెను. ప్రోగ్రాము నశించినను విడి చిత్రములున్నచో రేపటి ప్రోగ్రాము వానిని మరల కుట్టగలదు. 1998లో జర్మనీ దేశపు ఆచార్యుడు హెల్ముట్ డెర్ష్ ఉచితముగా లోకమునకిచ్చిన పనోరమా పనిముట్లనుండి పెరిగిన సాధనములు నేటికిని ఆ పని చేయుచున్నవి. రెండవది, చిత్రమును ఒక్క కంపెనీ సొత్తైన రూపమున గాక, అందరు తెరువగల ప్రమాణరూపమున నిలుపవలెను. ఇందుకు క్విక్ టైము చరిత్రయే దృష్టాంతము. దాని ప్రోగ్రాము మూలబడినది. దాని ఫైలు అమరికను మాత్రము 1998లో అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు తమ క్రొత్త ప్రమాణమునకు ఆధారముగా గ్రహించిరి. మన చేతి ఫోనులలో నేడు తిరుగుచున్న ఎంపీ4 వీడియోలు ఆ వంశమువే. ఒకరి గుప్పిటనున్నది పోయినది. పదిమందికి పంచినది నిలిచినది.

మూడవది మాటకు సంబంధించినది. బార్కరు మందిరమున వివరణ పుస్తకముండెడిది. చేర్యాల పటమునకు కథకుడున్నాడు. చిత్రమెంత విశాలమైనను అది యేదో, ఎప్పటిదో, ఎవరు ఎచ్చట నిలిచి తీసిరో తనంతట తాను చెప్పజాలదు. పెట్టెనిండ పెండ్లి వీడియోలు గల యింటిలో కూడ, పెద్దలు గతించిన పిమ్మట, తెరమీద నవ్వుచున్న ముసలమ్మ యెవరో పిల్లలు చెప్పలేరు. తేదీ, స్థలము, మనుష్యుల పేర్లు, కెమెరా నిలిపిన చోటు, ఇవి నాలుగు పంక్తులలో వ్రాసి చిత్రముతో పాటు దాచుట కుటుంబమునకును, ఆలయపాలకులకును, వస్తుశాలకును సమానముగా సాధ్యమైన పని. వీలైనచో ఆ స్థలమునెరిగిన వృద్ధుని కంఠముననే ఆ వివరమును ధ్వనిముద్రణము చేయవలెను.

ఇంటి కంప్యూటరు మనకిచ్చిన వేదిక బార్కరు కట్టిన వేదికకంటె విశాలమైనది. దానిమీద నిలుచుటకు రుసుము లేదు. అయినను వేదిక వేయువాడు చూపినదే మనము చూచుచున్నామని మరువరాదు. మన గ్రామములను, మన కట్టడములను, మన పెద్దల ముఖములను ఇతరులు తీసి చూపువరకు కాచుకొనక, మన వేదికను మనమే వేసికొని, తీసినదానిని మన మనుమలు తెరువగల రూపమున అప్పగించుట ఈ తరమువారి బాధ్యత. సాధనము అందరి చేతిలోను నున్నది. ముక్కాలిపీట నిలుపవలసిన చోట్లు, ఆంధ్రమునను తెలంగాణమునను, ఇంకను చాల మిగిలియున్నవి.